దివాకర్ ఒప్పుకున్న నాలుగో పేపరు

కొండల మధ్య ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో దివాకర్ అనే విద్యార్థి ఉండేవాడు. ఎవరు ఏ పని అడిగినా ‘సరే’ అనడమే తప్ప ‘కుదరదు’ అనడం అతనికి చేతనయ్యేది కాదు.

మనిషి మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చేది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి దూరంగా ఉండవచ్చు. దివాకర్‌ను తిట్టడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. ఐదేళ్ళ సైన్సు కోర్సులో అప్పటికి రెండో ఏడు చదువుతున్నాడు. నాటక సంఘంలో ఉన్నాడు, క్విజ్ బృందంలో ఉన్నాడు, రక్తదాన శిబిరాలు పెట్టేవాళ్ళతో ఉన్నాడు, ఖోఖో జట్టులో ఉన్నాడు, గోడపత్రిక రాసేవాళ్ళలో ఉన్నాడు. ఆఖరికి ఆదివారం పొద్దున్నే పక్షులను చూడటానికి గుట్ట ఎక్కే నలుగురిలో కూడా అతనొకడు. అతని పేరు అన్ని చోట్లా ఉండేది. అతను మాత్రం ఎప్పుడు ఎక్కడ ఉంటాడో ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఈ సంగతి అందరికన్నా బాగా అనుభవించినవాడు ఓబులేసు.

ఓబులేసు ఎం.ఏ. చరిత్ర మొదటి సంవత్సరం విద్యార్థి. పుట్టుకతోనే చూపు లేదు. అతని తండ్రి గొర్రెల కాపరి. వాళ్ళ ఊరి గుట్ట మీద పాతకాలపు శాసనం చెక్కిన బండ ఒకటి ఉండేది. చిన్నప్పుడు తండ్రి గొర్రెలను తోలుకుపోతూ కొడుకును ఆ బండ నీడన కూర్చోబెట్టేవాడు. ఓబులేసు రోజంతా ఆ అక్షరాల గాడుల్లో వేలు పెట్టి తిప్పుతూ ఉండేవాడు. చూపున్నవాళ్ళు కాగితం మీద రాసుకునేది అతని వేలికి తగిలేది కాదు. రాయి మీద చెక్కింది తగిలేది. అందుకని పెద్దయ్యాక చరిత్రలో కూడా శాసనాల చదువంటేనే అతనికి ప్రాణం. పదకొండు వందల ఏళ్ళ నాటి అక్షరాన్ని వేలితో తడిమి అది ఏ వంశం కాలానిదో చెప్పగలిగేవాడు.

ఆ విశ్వవిద్యాలయంలో చూపులేని విద్యార్థులు తొమ్మిది మంది ఉండేవారు. వాళ్ళ కోసం సునందా మేడమ్ అనే చరిత్ర అధ్యాపకురాలు ఒక చదువరుల బృందాన్ని నడిపేవారు. అందులో చేరిన పిల్లలు పాఠాలు పైకి చదివి ఫోనులో రికార్డు చేసి ఇచ్చేవారు. పరీక్షలప్పుడు చూపులేనివాళ్ళు జవాబులు చెబుతుంటే పక్కన కూర్చుని రాసిపెట్టేవారు. అలా రాసిపెట్టే మనిషిని అక్కడ స్క్రైబ్ అనేవారు.

ఒకరోజు హాస్టల్ మెస్సులో ఓబులేసు అన్నం తింటుండగా ఎదురుగా ఎవరో కంచం పెట్టిన చప్పుడయింది.

“అన్నా, నేను దివాకర్‌ని. మీ చదువరుల బృందంలో నన్నూ చేర్చుకోండి” అన్నాడు వచ్చినవాడు.

“ఇప్పటికి ఎన్ని బృందాల్లో ఉన్నావురా?” అని అడిగాడు ఓబులేసు.

“ఏదో, ఆరేడు. అయినా ఇది మంచి పని కదన్నా.”

“మంచిదే. టైమున్నవాళ్ళకి.”

దివాకర్ నవ్వాడు. ఆ నవ్వు వినసొంపుగా ఉంది. గొంతు కూడా బాగుంది. ఈ గొంతుతో పాఠాలు వింటే హాయిగా ఉంటుందనిపించి ఓబులేసు మేడమ్‌కు చెప్పి చేర్పించాడు.

మొదటి పాఠం శుక్రవారానికి ఇస్తానన్నాడు. శుక్రవారం రాలేదు. సోమవారం ఫోన్ చేస్తే, “అయిపోయిందన్నా, చివరి రెండు పేజీలే” అన్నాడు. మరో వారం గడిచాక రికార్డు వచ్చింది. ఓబులేసు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. కోట గోడల నిర్మాణం గురించి దివాకర్ చక్కగా చదువుకుంటూ పోతున్నాడు. “బురుజుల మధ్య దూరాన్ని నిర్ణయించేటప్పుడు వారు ముఖ్యంగా రెండు విషయాలను పరిగణించేవారు. మొదటిది...” అన్నాడు. అంతే, “ఒరేయ్, నీ వంతు వచ్చింది, పరిగెత్తు” అని ఎవరో అరిచారు. చెప్పుల చప్పుడు. తర్వాత ఈల. తర్వాత పావుగంట సేపు ఖోఖో ఆట. పాఠం మళ్ళీ మొదలైనప్పుడు దివాకర్ వేరే అధ్యాయంలో ఉన్నాడు.

ఆ రెండు విషయాలేమిటో ఓబులేసుకు తెలియలేదు.

మర్నాడు దివాకర్ ఎదురుపడి, “ఎలా ఉందన్నా?” అని ఆశగా అడిగాడు.

ఓబులేసుకు నాలుక చివర చాలా మాటలు ఉన్నాయి. కానీ సాయం చేసేవాళ్ళను విసుక్కుంటే పొగరంటారని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. “పర్లేదులే” అన్నాడు. ఆ ‘పర్లేదులే’ తర్వాత ఇంకో మూడు సగం పాఠాలు వచ్చాయి.

అదే బృందంలో రజియా అనే అమ్మాయి ఉండేది. కెమిస్ట్రీ చదివేది. వారానికి సరిగ్గా రెండు పాఠాలు చదివి బుధవారం సాయంత్రానికి పంపేది. ఆమె గొంతులో హెచ్చుతగ్గులు ఉండవు, రేడియోలో వాతావరణ సమాచారం చదివినట్టు చదివేది. కానీ ఒక్క పేజీ తప్పేది కాదు. పటం వస్తే పటంలో ఏముందో చెప్పేది.

ఒకసారి ఓబులేసు, “ఈ వారం మూడు చదవగలవామ్మా? సెమినార్ ఉంది” అని అడిగాడు.

“లేదన్నా. రెండే” అంది రజియా.

“ఒక్కటే కదా ఎక్కువ.”

“నా వల్ల కాదన్నా. ఇంకెవరినైనా అడుగు.”

ఓబులేసుకు మనసు చివుక్కుమంది. బొత్తిగా మొహమాటం లేని పిల్ల అనుకున్నాడు. దివాకర్ అయితే ‘మూడేంటన్నా, నాలుగు చదువుతా’ అనేవాడు. అవి రావు, అది వేరే సంగతి. కానీ మాటకైనా అనేవాడు.

ఏప్రిల్‌లో పరీక్షల తేదీలు వచ్చాయి. నాలుగు పేపర్లు. నాలుగోది శాసనాల పేపరు. ఆ ఏడాది ఆ పేపరుకు ఒక ప్రత్యేకత ఉంది. వేసవిలో నెల రోజుల పాటు శాసనాల శిక్షణ శిబిరం జరగబోతోంది. పాత రాళ్ళ దగ్గరికి తీసుకువెళ్ళి, లిపి చదవడం, రాతి మీది అక్షరాలను కాగితం మీదికి అచ్చు తీయడం నేర్పిస్తారు. శాసనాల పేపరులో మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్ళను ఈ విశ్వవిద్యాలయం నుంచి పంపుతారని సునందా మేడమ్ క్లాసులో చెప్పారు. క్లాసు అయ్యాక ఓబులేసును ఆపి, “నువ్వు వెళ్ళాలి. రాళ్ళను తాకి చదివేవాడిని వాళ్ళు ఇంతవరకు చూసి ఉండరు” అన్నారు.

ఓబులేసు ఆ రోజు నుంచి వేరే ధ్యాస లేకుండా చదివాడు.

స్క్రైబ్ విషయంలో నిబంధనలు గట్టిగా ఉండేవి. రాసేవాళ్ళు జూనియర్లై ఉండాలి, వేరే సబ్జెక్టు చదువుతుండాలి. వాళ్ళ పేరు, ఫొటో వారం ముందే పరీక్షల విభాగానికి ఇవ్వాలి. ఆ రోజు ఆ మనిషే రావాలి. ఇంకెవరు వచ్చినా కంట్రోలర్ అనుమతి లేనిదే లోపలికి రానివ్వరు.

ఓబులేసు ముందు రజియాను అడిగాడు.

ఆమె తన ఫోనులో తేదీలు చూసుకుంది. “మొదటి మూడూ రాస్తానన్నా. నాలుగోదాని రోజు నాకు ల్యాబ్ పరీక్ష. రాలేను. ఇప్పుడే చెబుతున్నాను, దానికి ఇంకొకరిని చూసుకో” అంది.

అసలు పేపరు దగ్గరే చెయ్యిచ్చింది అనుకుని ఓబులేసు లోలోపల గొణుక్కున్నాడు. అప్పుడే అటుగా వచ్చిన దివాకర్ ఈ మాట విన్నాడు.

“నాలుగోది నేను రాస్తా కదన్నా” అన్నాడు వెంటనే.

“ఆ రోజు నీకేమీ లేదు కదా?” అని అడిగాడు ఓబులేసు.

“ఏమీ లేదన్నా.”

“మళ్ళీ ఒకసారి చూసుకో. ఇది రికార్డింగు కాదు. సగంలో వదిలేస్తే కుదరదు.”

“నీ పరీక్ష కన్నా నాకు ఎక్కువేముందన్నా? నిశ్చింతగా ఉండు” అన్నాడు దివాకర్. అతని గొంతులో నిజాయితీ ఉంది. ఆ క్షణంలో అతను అన్నది నిజంగానే అన్నాడు. ఎవరితో ఏది అన్నా ఆ క్షణంలో నిజంగానే అనేవాడు.

ఓబులేసు అతని పేరే ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత కామర్స్ చదివే గంగాధర్ వచ్చి, “నాలుగో పేపరుకు ఎవరూ లేరట కదన్నా, నేను రానా?” అని అడిగాడు. ఎకనామిక్స్ చదివే ఇంకో అమ్మాయి కూడా అడిగింది. ఓబులేసు ఇద్దరికీ థ్యాంక్స్ చెప్పి, దివాకర్ ఉన్నాడని పంపేశాడు. గంగాధర్ సరేనని ఊరికి టికెట్టు తీసుకున్నాడు.

మొదటి మూడు పేపర్లు సాఫీగా జరిగాయి. రజియా ప్రతిరోజూ అరగంట ముందే వచ్చింది. ఓబులేసు చెప్పింది చెప్పినట్టు రాసింది. మూడో పేపరు అయ్యాక, “శాసనాల పేపరుకు రాసేవాళ్ళకు కష్టమైన పదాలు ముందే చెప్పి పెట్టు అన్నా. నేనైతే అడిగేదాన్ని” అంది.

ఓబులేసు ఆ సాయంత్రం దివాకర్‌కు ఫోన్ చేశాడు. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, “రిహార్సల్‌లో ఉన్నానన్నా, రేపు కలుస్తా” అన్నాడు. ఆ రేపు రాలేదు.

పరీక్ష రోజు పది గంటలకు మొదలు. ఓబులేసు ఎనిమిదింటికి ఫోన్ చేశాడు.

“బయలుదేరుతున్నానన్నా” అన్నాడు దివాకర్. వెనక చాలామంది గొంతులు వినిపించాయి. ఎవరో బ్యాగులు ఎక్కించమంటున్నారు.

“ఎక్కడున్నావురా?”

“దగ్గర్లోనే అన్నా.”

తొమ్మిదింటికి మళ్ళీ చేశాడు. “ఐదు నిమిషాలన్నా” అన్నాడు. తొమ్మిదిన్నరకు ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఓబులేసు పరీక్షల భవనం మెట్ల మీద నిలబడి, చేతికర్ర కొనను గచ్చు మీద టకటకమని కొడుతూ ఉన్నాడు. వచ్చే ప్రతి అడుగు చప్పుడూ విన్నాడు. దివాకర్ నడక అతనికి తెలుసు. ఎప్పుడూ సగం పరుగులో ఉంటుంది. ఆ నడక రాలేదు.

జరిగింది ఇదీ. ఆ రోజే నాటక సంఘం పక్క జిల్లాలో జరిగే యువజనోత్సవానికి బస్సులో వెళుతోంది. దివాకర్‌ది అందులో ముఖ్యమైన వేషం. ఆ రోజే ఆడిటోరియంలో రక్తదాన శిబిరం ఉంది. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చుంటానని దివాకర్ వాళ్ళకూ మాట ఇచ్చాడు. మూడూ ఒకే రోజని అతనికి పది రోజుల ముందే తెలిసింది. నాటకం వాళ్ళతో చెబుదామని వెళ్ళాడు. వాళ్ళు అతన్ని చూడగానే టీ ఇచ్చి, నీ వేషమే నాటకానికి బలమన్నారు. చెప్పలేకపోయాడు. ఓబులేసుతో చెబుదామని వచ్చాడు. ఓబులేసు లైబ్రరీలో కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ శాసన పాఠాలు వల్లె వేసుకుంటున్నాడు. చెప్పలేకపోయాడు. ఎలాగో సర్దుకుంటుందిలే అనుకున్నాడు. బస్సు ఆలస్యంగా బయలుదేరవచ్చు, పరీక్ష వాయిదా పడవచ్చు, ఎవరో ఒకరు తన బదులు దొరకవచ్చు. ఇలా ఏవేవో అనుకుంటూ పది రోజులు గడిపేశాడు.

ఏదీ సర్దుకోలేదు.

పది గంటలకు ఓబులేసును కింది అంతస్తులో చివరి గదిలో కూర్చోబెట్టారు. కాపలా ఉన్న మాస్టారు పెద్దవారు, మెత్తని మనిషి. “నీ స్క్రైబ్ ఏడి నాయనా?” అని అడిగారు.

“వస్తున్నాడు సార్.”

“సరే, ఈలోగా ప్రశ్నలు చదువుతాను విను. అంతవరకు చేయగలను.”

ఆయన నిదానంగా ప్రశ్నపత్రం చదివారు. మొదటి ప్రశ్న ఇక్ష్వాకుల శాసనాల లిపి మీద. ఓబులేసుకు అక్షరాలు వేలి కొసలకు తగిలినట్టే అనిపించింది. రెండోది రాళ్ళ మీద తేదీలను నిర్ణయించే పద్ధతుల మీద. మూడోది అతను సెమినార్‌లో మాట్లాడిన విషయమే. అన్నీ వచ్చు. ఒక్కటి కూడా రానిది లేదు. జవాబులు ఒకదాని వెనక ఒకటి నోటి దాకా వచ్చి నిలబడ్డాయి. కాగితం ముందు ఉంది. పెన్ను ఉంది. రాసే చెయ్యి లేదు.

“సార్, మీరు రాయగలరా?” అని అడిగాడు.

“రాస్తే నీ పేపరు చెల్లదు నాయనా” అన్నారు మాస్టారు బాధగా.

పదీ ఇరవైకి తలుపు దగ్గర ఎవరో వచ్చారు. “నన్ను దివాకర్ పంపాడు సార్” అన్నాడు ఆ కుర్రవాడు. అతని ఫొటో అప్పగించిన కాగితంలో లేదు. పైగా అతను కూడా చరిత్రే చదువుతున్నాడు. తాను ఎందుకు వచ్చాడో కూడా అతనికి సరిగా తెలియదు. రక్తదానానికి అనుకున్నానన్నాడు. మాస్టారు అతన్ని పంపేసి, సునందా మేడమ్‌కు కబురు చేశారు.

మేడమ్ పరిగెత్తుకుంటూ వచ్చారు. విషయం విని ఒక్క క్షణం తల పట్టుకున్నారు. తర్వాత ఫోన్లు మొదలుపెట్టారు. రజియా ల్యాబులో ఉంది, ఫోన్ ఆఫ్. గంగాధర్ ఊళ్ళో ఉన్నాడు. “నాలుగు రోజుల ముందు చెప్పినా ఉండేవాణ్ణి కదా మేడమ్” అన్నాడు. ఎకనామిక్స్ అమ్మాయి పల్లవి మాత్రం హాస్టల్‌లోనే ఉంది. మేడమ్ ఆమెను రమ్మని చెప్పి, అనుమతి కోసం కంట్రోలర్ ఆఫీసుకు వెళ్ళారు. ఆయన మీటింగులో ఉన్నారు. మేడమ్ ఆ గది బయట నలభై నిమిషాలు నిలబడి సంతకం తెచ్చారు.

ఈ మధ్యలో పదీ యాభైకి దివాకర్ వచ్చాడు. బస్సు ఊరి పొలిమేర దాటాక మనసొప్పక దిగిపోయి, ఆటో పట్టుకుని వచ్చాడు. గేటు పదిన్నరకే మూసేశారు. కాపలాదారు లోపలికి రానివ్వలేదు, లోపలికి కబురు కూడా పంపలేదు. అక్కడ బస్సులో నాటకం వాళ్ళు ముఖ్య వేషధారి లేకుండా వెళ్ళి, ఆడకుండానే తిరిగి వచ్చారు. ఆడిటోరియంలో బల్ల దగ్గర ఎవరూ లేక రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళలో సగం మంది వెనక్కి పోయారు. దివాకర్ గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు అతను మూడు చోట్ల ఉండాలి. ఒక్కచోట కూడా లేడు.

పల్లవి లోపలికి వచ్చేసరికి పదకొండూ నలభై. చూపులేనివాళ్ళకు ఇచ్చే అదనపు గంట కలిపినా రెండింటికల్లా ముగించాలి. శాసనాల మాటలు పల్లవి ఎప్పుడూ వినలేదు.

“ఇక్ష్వాకులు ఎలా రాయాలన్నా?” అని అడిగింది మొదటి వాక్యంలోనే.

ఓబులేసు ఊపిరి గట్టిగా పీల్చి వదిలాడు. “ఇ రాయి. తర్వాత క. దాని కింద ష వత్తు. ఇంకా కింద వ వత్తు. దీర్ఘం ఇవ్వు. కు. లు” అన్నాడు. ఆమె మీద విసుక్కోకూడదని పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. ఆమె తప్పేముంది? పిలవగానే లేచి వచ్చింది. తానే మొన్న వద్దని పంపేసిన పిల్ల.

ఐదు ప్రశ్నలకు జవాబు రాయాలి. మూడు పూర్తయ్యాయి. నాలుగోది సగంలో ఉండగా గంట కొట్టారు.

“ఇంకా ఎంత ఉందన్నా?” అంది పల్లవి.

“చాలా ఉందమ్మా. ఇచ్చేయ్” అన్నాడు ఓబులేసు.

మర్నాడు పొద్దున క్యాంటీనులో దివాకర్ అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఓబులేసు టీ తాగుతూ ఉన్నాడు. ఎదురుగా కూర్చున్నది ఎవరో ఆ ఊపిరి చప్పుడును బట్టే తెలిసింది.

“అన్నా, నేను కావాలని చేయలేదు” అన్నాడు దివాకర్.

“తెలుసు. కావాలని చేసినా నాకు ఇంత విసుగు వచ్చేది కాదు.”

“ఎవరికని కాదని చెప్పనన్నా? వాళ్ళు ఆరు నెలల నుంచి నాటకం నేర్చుకుంటున్నారు. నువ్వేమో రాత్రింబవళ్ళు చదువుతున్నావు. ఎవరి మొహం చూసినా చెప్పలేకపోయాను.”

“చెప్పకపోవడం వల్ల ఎవరికి మేలు జరిగింది?”

“ఎవరికీ జరగలేదన్నా” అన్నాడు దివాకర్.

“నువ్వు పది రోజుల ముందు వచ్చి, అన్నా నాకు కుదరదు అని ఉంటే నేనేం చేసేవాడినో తెలుసా?” అని అడిగాడు ఓబులేసు.

“బాధపడేవాడివి.”

“అర నిమిషం. ఆ తర్వాత గంగాధర్‌కు ఫోన్ చేసేవాణ్ణి. వాడు ఊరికి పోకుండా ఆగేవాడు. పల్లవి కూడా అడిగింది. ఆ పిల్లకు నాలుగు రోజుల ముందు పదాలు నేర్పి ఉంటే నిన్న అన్నీ రాసేది. వాళ్ళిద్దరినీ నేనే పంపేశాను, ఎందుకో తెలుసా? నువ్వు సరే అన్నావని. నువ్వు రాలేదనేది ఒక సంగతి. రాగలిగినవాళ్ళను కూడా నీ మాట రాకుండా చేసింది. అది నీకు అర్థమవుతోందా?”

“తిట్టన్నా” అన్నాడు దివాకర్.

“తిడుతూనే ఉన్నాను కదరా. ఇప్పటిదాకా తిట్టకపోవడమే నా తప్పు. నీ పాఠాలు సగంలో ఆగిపోతుంటే పర్లేదులే అన్నాను. పర్లేదు కాదు, చాలా పరవా ఉంది. సాయం పుచ్చుకునేవాడు నోరు మూసుకోవాలని నాకు ఎవరు నేర్పారో తెలియదు. ఆ రోజే చెప్పి ఉంటే నువ్వైనా బాగుపడేవాడివి, నా పేపరైనా బాగుపడేది.”

దివాకర్ ఏడ్చాడు. ఓబులేసు అతన్ని ఓదార్చలేదు. అందుకు ఓపిక లేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

తిన్నగా లైబ్రరీలో రజియా దగ్గరికి వెళ్ళాడు. “నిన్ను మొహమాటం లేని పిల్లవని మనసులో చాలాసార్లు విసుక్కున్నానమ్మా” అన్నాడు.

“మా ఇంట్లోనూ అదే అంటారన్నా” అంది రజియా, ఏమీ అనుకోకుండా. “నాకు వారానికి రెండు పాఠాలు చదవడానికే టైముంటుంది. మూడంటే ఒకటైనా పాడవుతుంది. ఏది పాడవుతుందో నీకు ముందు తెలియదు. అందుకే కాదంటాను.”

జూన్ మొదట్లో ఫలితాలు వచ్చాయి. ఓబులేసు పాసయ్యాడు. శాసనాల పేపరులో క్లాసులో ఐదోవాడు. శిబిరానికి వేరే ఇద్దరు వెళ్ళారు. వాళ్ళు మంచి విద్యార్థులే, తెలివైనవాళ్ళే. వెళ్ళేముందు వచ్చి ఓబులేసుతో చెప్పి వెళ్ళారు. శుభం, బాగా నేర్చుకుని రండి అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ ఆ నెలంతా అతను గదిలో ఊరికే కూర్చుని, తన మోకాలి మీద చూపుడువేలితో పాత అక్షరాలు గీసుకుంటూ గడిపాడు. అలాంటి శిబిరం మళ్ళీ ఎప్పుడు పెడతారో సునందా మేడమ్‌కు కూడా తెలియదు.

దివాకర్‌కు ఈ సంగతి తెలిసింది. అతను ఆ వేసవిలో ఒక్కొక్క బృందానికీ వెళ్ళి, ఇక నుంచి రాలేనని చెప్పాడు. గోడపత్రిక వాళ్ళు, క్విజ్ వాళ్ళు ముఖం మాడ్చుకున్నారు. నాటక సంఘం వాళ్ళు మాట్లాడటమే మానేశారు. అంతవరకు అతన్ని బంగారం అన్నవాళ్ళే, గర్వం వచ్చింది వీడికి అన్నారు. దివాకర్‌కు ఇది చాలా కష్టంగా ఉండేది. రెండు బృందాలు మాత్రం ఉంచుకున్నాడు. ఒకటి పొద్దున్నే పక్షులను చూసేది, రెండోది చదువరుల బృందం. వారానికి ఒక్క పాఠం చదివి పంపేవాడు. ఓబులేసు మొదటిసారి విన్నప్పుడు, మధ్యలో ఎక్కడైనా ఆగిపోతుందేమోనని చివరిదాకా బిగుసుకుని కూర్చున్నాడు. ఆగలేదు. అయినా నోరు తెరిచి మెచ్చుకోలేదు. రెండో వారం కూడా పాఠం సరిగ్గా వచ్చాక, “ఇరవైమూడో పేజీలో తేదీ తప్పు చదివావు, సరిచేసి పంపు” అని మాత్రం ఫోన్ చేసి చెప్పాడు. దివాకర్ ఆ పూటే సరిచేసి పంపాడు.

ఆగస్టులో చదువరుల బృందం సమావేశం జరిగింది. కొత్తగా చేరిన శ్రావణి అనే చూపులేని అమ్మాయికి వచ్చే బుధవారం చిన్న పరీక్ష ఉంది. స్క్రైబ్ కావాలి. సునందా మేడమ్ చుట్టూ చూసి, “దివాకర్, నీ చేతిరాత బాగుంటుంది. నువ్వు వెళతావా?” అని అడిగారు.

ఓబులేసు రెండు కుర్చీల అవతల ఉన్నాడు. పాత విసుగు అతని గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు వీడు ఏమంటాడో నాకు తెలుసు అనుకున్నాడు. దివాకర్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

“బుధవారం నాకు క్లాసు టెస్టు ఉంది మేడమ్. రాలేను” అన్నాడు.

ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో గొంతులోనే తెలిసింది. శ్రావణి ముందు వరుసలోనే కూర్చుని ఉంది. ఆమె ఏమనుకుంటుందోనని అతని చెవులు ఎర్రబడ్డాయని పక్కనున్న రజియా తర్వాత చెప్పింది.

ఎవరూ ఏమీ అనుకోలేదు. కాసేపటికి వెనక వరుసలోంచి కొత్తగా చేరిన ఒక అమ్మాయి, “నాకు బుధవారం ఖాళీయే మేడమ్. ఎవరైనా సీనియర్లు వెళతారేమోనని అడగలేదు” అంది. మేడమ్ ఆమె పేరు రాసుకున్నారు. శ్రావణి వెనక్కి తిరిగి ఆమెతో మాట్లాడటం మొదలుపెట్టింది. రేపే కూర్చుని కష్టమైన పదాలు చూసుకుందామని ఇద్దరూ అనుకున్నారు.

సమావేశం ముందుకు సాగింది. ఓబులేసు వెనక్కి వాలి కూర్చున్నాడు. ఆ పని ఇంత తేలికగా అయిపోవడం చూసి, తన నాలుగో పేపరు గుర్తొచ్చి అతనికి కొంచెం కోపం, కొంచెం నవ్వు కలిసి వచ్చాయి. “ఏరా, ప్రాణం పోయిందా?” అని మెల్లగా అడిగాడు.

“పోలేదన్నా” అన్నాడు దివాకర్.

చేయలేని పనికి ‘కుదరదు’ అని ముందే చెప్పడం కూడా సాయమే. మొహమాటంతో అనే ‘సరే’ మాత్రం, చేయగలిగినవాళ్ళను కూడా దూరం చేసి ఎదుటివారిని నిండా ముంచుతుంది.